ఆది జాకెట్టు

చింతాద్రిపేట, చెన్నై
జూలై 6

అత్తకు,

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని సరణ్య నవ్వుతోంది. సరణ్య నా గదిలో ఉండే అమ్మాయి. దానికి తమిళం తప్ప రాదు కాబట్టి దాని గురించి ఇక్కడ ఏం రాసినా భయం లేదు. మన ఇంట్లో ఫోను మోగితే నాన్న స్పీకరు పెట్టి నడింట్లో బల్ల మీద ఉంచుతాడనీ, నువ్వూ నేనూ మాట్లాడుకునేది అమ్మా, తమ్ముడూ, ఆ వేళకు పాలు పోసేందుకు వచ్చినాయనా అందరూ వింటారనీ దానికి ఎట్లా అర్థమయ్యేలా చెప్పను. అందుకే చేనేత సొసైటీ చిరునామాకు రాస్తున్నా. ఉత్తరం నీ చేతికే ఇవ్వమని, ఇంటికి పంపొద్దని మాదయ్య గారికి కవరు మీదే రాశా.

సంగతేమిటంటే, నన్ను కటింగ్ బల్ల దగ్గరికి పిలిచారు. రెండున్నరేళ్లు హుక్కులు కుట్టాను, అంచులు మడిచాను, చేతులు అతికించాను. పోయిన వారం మా మాస్టర్ భక్తవత్సలం గారు అందరి ముందూ కత్తెర తెచ్చి నా ముందు పెట్టి, "ఆడి నెల వస్తా ఉంది మా, రష్షు తట్టుకోలేం. రేపట్నించి నువ్వు ఈడ నిలబడు" అన్నారు. ఆడి అంటే మన ఆషాఢం లాంటిది, తగ్గింపు అమ్మకాలకు బట్టల షాపుల్లో జనం విరగబడే నెల. టి. నగర్‌లో మా వీధి వీధంతా చూసినా జాకెట్లు కుట్టేది ఆడవాళ్లు, కత్తిరించేది మగవాళ్లు. నేనే మొదటిదాన్ని.

నన్ను ఇక్కడికి పంపనని నాన్న అంటే మూడు రోజులు అన్నం మానేసి ఒప్పించినదానివి నువ్వు. అందుకని నా సొంతానికి కత్తిరించే మొదటి జాకెట్టు నీది. నీకు బాగా సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదికి పంపు, దాన్ని చూసి కొలతలు తీసుకుంటా. కాగితం మీద కొలతలు రాసి పంపొద్దు. నడుము దగ్గర నువ్వు రెండంగుళాలు తగ్గించి రాస్తావని నాకు తెలుసు.

ఇంకొకటి. పెద్ద విషయం కాదు. నెల రోజులుగా పొద్దున లేచేసరికి వేళ్లు ముడుచుకోవడం లేదు. బ్రష్షు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వస్తోంది. ఒక గంటకు వాటంతట అవే వదులవుతాయి. కుడిచేతి ఉంగరం వేలు కాస్త ఉబ్బింది. పని ఎక్కువై ఉంటుంది. ఇంట్లో చెప్పకు, నాన్న మర్నాడే బస్సెక్కి వచ్చి నన్ను తీసుకుపోతాడు.

మైత్రి


వెంకటగిరి
జూలై 17

మైత్రీ,

కవరు మీద మాదయ్యకు అట్లా రాసినందుకు ఏం జరిగిందో విను. కండెలకు నూలు తీసుకోవడానికి పదిమంది కూర్చుని ఉండగా, "సత్యభామా, నీకు మెడ్రాసు నుంచి జాబొచ్చిందబ్బా, ఇంటికి ఇయ్యొద్దంట, ఎవురేంది?" అని అరిచాడు. నలభై తొమ్మిదేళ్లకు ఇప్పటికైనా ఒకరు రాశారు, ఓర్వలేకపోతే ఎట్లా అన్నాను. అందరూ నవ్వారు. చాటున దాచాలనుకున్నది ఊరందరికీ తెలిసింది, ఏం రాశావో మాత్రం తెలియలేదు.

కత్తెర సంగతి చదివి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచేదేముంది. ఆ రోజు మామూలుకన్నా పది కండెలు ఎక్కువ చుట్టాను.

ఆ వేలి మాట కొంచెం సరిగ్గా రాయి. కణుపు దగ్గరే ఉబ్బిందా, మొదలు నుంచి కొస దాకా మొత్తం ఉబ్బిందా? పొద్దున మంచం దిగి కాలు నేల మీద పెడితే మడమ నొస్తుందా? గోళ్లు వెలుగులో పెట్టి చూసుకో, నున్నగా ఉన్నాయా? ఊరికే అడుగుతున్నా. వావిలాకు దొరికితే నీళ్లలో వేసి కాచి, ఆ వేడినీళ్లలో చేతులు పెట్టుకో.

ఆది జాకెట్టు పంపుతున్నా. చేతులు ఎప్పటిలాగే మోచేయి దాటి నాలుగు వేళ్లు కిందికి రావాలి. ఈ ఎండల్లో అంత పొడుగు చేతులేమిటని మీ అమ్మలాగా నువ్వు కూడా మొదలుపెట్టకు, నాకదే అలవాటు. చేతుల లోపల నేనే ఒక గుడ్డ వేసి కుట్టుకున్నాను. దాన్ని విప్పొద్దు. పైపైన కొలుచుకుంటే చాలు.

నీ అత్త


చింతాద్రిపేట
సెప్టెంబరు 9

అత్తా,

జవాబు ఆలస్యమైంది. ఆడి నెల రష్షు అంటే ఏమిటో చూశాను. వావిలాకు జార్జి టౌన్ మూలికల కొట్లో ఎండుది దొరికితే సరణ్య తెచ్చిపెట్టింది. ఆ నీళ్లలో చేతులు ఉంచినంతసేపు స్వర్గం, తీశాక మళ్లీ మామూలే.

నా నొప్పికి ఇక్కడ ఎంతమంది వైద్యులున్నారో చెబితే నవ్వుతావు. ఇంటామె కాళియమ్మ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగామె. "ఈడ అందరికీ వచ్చిపోయిందే మా, చికున్‌గున్యా దా అది. నిలవేంబు కషాయం తాగు, సరిపోతాది" అని గిన్నెడు నేలవేము చేదు తెచ్చి, నేను తాగిందాకా కదలలేదు. షాపులో ఇస్త్రీ చేసే కుప్పుసామి అన్న ఫోను చూడటం తగ్గించమన్నాడు. మందుల షాపతను కాల్షియం ఇచ్చాడు. కషాయం పని చేయకపోయేసరికి, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని కాళియమ్మే మందు మార్చింది.

వీధి చివర క్లినిక్‌లో రక్తపరీక్షలు చేయించాను. అన్నీ నార్మల్. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నాడు ఆ డాక్టరు. మంచి మాటే కదా, మరి మెట్లు దిగుతూ ఏడుపెందుకు వచ్చిందో తెలియదు. ఒంట్లో ఉన్న నొప్పి కాగితం మీద లేకపోతే దాన్ని ఎవరికి చూపించాలి? బస్సులో సీటు దొరికితే కూర్చుంటాను. పక్కనే ముసలామె నిలబడితే అందరూ నా వంకే చూస్తారు. ఇరవై నాలుగేళ్ల దాన్ని, కాళ్లూ చేతులూ బాగానే కనిపిస్తాయి. లేచి సీటిచ్చేసి, దిగిందాకా పళ్లు బిగబట్టుకుంటా.

నువ్వడిగినవి చూసుకున్నాను. వేలు మొదలు నుంచి కొస దాకా ఉబ్బింది. మడమ నొస్తుంది, పొద్దున పూట మరీ. గోళ్ల మీద సూదిమొనతో పొడిచినట్టు సన్నటి గుంటలున్నాయి. పక్కన కూర్చుని చూసినట్టే అడిగావు. నీకెట్లా తెలుసు?

కటింగ్ బాగా సాగుతోంది. నీ జాకెట్టు అందింది. కొంచెం తీరిక దొరకగానే కత్తిరిస్తా.

మైత్రి


వెంకటగిరి
సెప్టెంబరు 20

మైత్రీ,

నాకేం తెలుస్తుంది. పెద్దవాళ్లు అనుకుంటుంటే విన్న మాటలు, అడిగాను. ఆ మాట వదిలెయ్.

గూడూరు నుంచి నీకొక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు రఘురామ్, బ్యాంకులో పని. మీ నాన్న ఇంకా నీతో చెప్పలేదు కానీ ఆయన నడక మారిపోయింది. అందుకని చెబుతున్నా, ఈ నొప్పుల మాట ఎవరి చెవినా వేయకు. ఆడపిల్లకు జబ్బుందని ఒకసారి పేరుపడితే ఎన్ని నీళ్లు పోసి కడిగినా పోదు. నాకు తెలిసే చెబుతున్నా. ఆసుపత్రుల చుట్టూ తిరగకు. వేడినీళ్లు పోసుకో, నువ్వుల నూనె రాసుకో, ఓర్చుకో. కొన్నాళ్లకు నొప్పి దానంతట అదే అణుగుతుంది.

బస్సులో మాత్రం లేవకు. ఎవరన్నా గుడ్లురిమి చూస్తే, మా అత్త కూర్చోమంది, ఆమెనడగండి అని చెప్పు.

అత్త


చింతాద్రిపేట
అక్టోబరు 14

అత్తా,

నీకు అబద్ధం రాశాను. కటింగ్ బాగా సాగడం లేదు. ఆగస్టు మూడోవారంలోనే నన్ను ఆ బల్ల దగ్గర నుంచి తీసేశారు.

ఒక పెళ్లికూతురి కంచిపట్టు జాకెట్టు. సుద్దతో గీత సరిగ్గానే గీశాను. చంక గుండ్రం దగ్గర కత్తెర తిప్పాలి. వేలు తిరగలేదు. కత్తెర సూటిగా పోయి ముందు భాగంలోకి దిగింది. ఆ గుడ్డ మళ్లీ దొరికేది కాదు. షాపంతా ఆగిపోయింది. మాస్టర్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పెళ్లివాళ్లు వస్తే తన చెయ్యే జారిందని తప్పు తన మీద వేసుకున్నారు. వాళ్లు పోయాక, "కత్తెర ఆడ పెట్టు మా. చెయ్యి సరి కానీ, అప్పుడు చూస్తాం" అన్నారు. అప్పటి నుంచి కౌంటరు దగ్గర కొలతల చీటీలు రాస్తున్నా. నా అక్షరాలు చూస్తున్నావుగా, అది కూడా ఎన్నాళ్లో.

అన్నం మానేసి నన్ను పంపినదానివి, నీకే ఎట్లా చెప్పనని దాచాను. ఇప్పుడు దాచలేను, నీతో పని పడింది.

సరణ్య నన్ను పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ కీళ్లు చూసే డాక్టరమ్మ, పేరు జీవిత. ఆమె కాగితాలు పక్కనపెట్టి నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది, గోళ్లు చూసింది. ఏమీ లేదని అనలేదు. ఉంది అన్నది, అత్తా. ఆ ఒక్కమాటకు నాకు సగం బరువు దిగింది. కాని ఏ జబ్బో తేలాలంటే ఒకటి తెలియాలట. కీళ్ల జబ్బుల్లో ఒకదానికి రక్తపరీక్ష పలకదు. అది చర్మం మీద పొలుసులు రాలే జబ్బుతో కలిసి ఇళ్లలో నడుస్తుంది. కొందరికి చర్మం బాగానే ఉండి కీళ్లకే ముందు వస్తుంది. "మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మోచేతుల మీద, తలలో పొలుసులున్నాయా? వేళ్లు వంకరపోయాయా?" అని అడిగింది. ఉందంటే ఇప్పుడే మందు మొదలుపెడుతుంది. లేదంటే, ఆ మందు బలమైనది కాబట్టి తేలేదాకా ఆగాలి. ఆగితే కీళ్లు లోలోపల అరిగి, ఆ వంకర ఇక తిరిగి రాదట.

ఇంట్లో ఎవరినీ అడగలేను, స్పీకరు సంగతి తెలుసుగా. మన ఇంట్లో పాత సంగతులన్నీ తెలిసినదానివి నువ్వే. ఎవరికైనా ఉందా? నవంబరు మూడున మళ్లీ వెళ్లాలి.

మైత్రి


వెంకటగిరి
అక్టోబరు 25

మైత్రీ,

లేదు. మన ఇంట్లో అట్లాంటిది ఎవరికీ లేదు. మీ తాతకు ఉబ్బసం ఉండేది, అంతే. నా ఎడమచేతి వేళ్లు వంకర మగ్గం వల్ల వచ్చింది, అది ఊరందరికీ తెలిసిందే. డాక్టరమ్మకు లేదనే చెప్పు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మగ్గం గుంటల్లోకి నీళ్లు ఊరుతున్నాయి. సొసైటీలో ఈసారి నెమలి కంఠం రంగు నూలు వచ్చింది, అంచుకు గంధం రంగు వేస్తున్నారు, చాలా బాగుంది. మాదయ్యకు కళ్లజోడు మారింది. మీ తమ్ముడికి జలుబు చేసి తగ్గింది. మీ అమ్మ ఉసిరికాయ పచ్చడి పెట్టింది, నీకు పంపమంది.

కత్తెర మాట నాతో చెప్పినందుకు మంచిదే అయింది. దాచినందుకు నాకు కోపం లేదు.

అత్త


చింతాద్రిపేట
నవంబరు 24

అత్తా,

లేదని చెప్పాను. డాక్టరమ్మ రాసుకుంది. నొప్పి బిళ్లలిచ్చి, మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దామంది. ఇప్పుడు ఎడమచేతి చూపుడువేలు కూడా ఉబ్బింది.

నిన్న ఆదివారం. వేళ్లు సాయంత్రం కొంచెం మాట వింటాయి. మళ్లీ కత్తెర ముడతానో లేదో, ఉన్న చేతులతో నీ జాకెట్టైనా కత్తిరించి పెట్టుకుందామని ఆది జాకెట్టు తీశాను. ఇన్ని రోజులూ దాని మడత విప్పలేదు.

నేను కుట్టుపనిదాన్ని అత్తా. రెండున్నరేళ్లలో కొన్ని వందల ఆది జాకెట్లు చూశాను. మనిషి చెప్పనివన్నీ ఆది జాకెట్టు చెబుతుంది. ఏ భుజం జారిందో, ఎవరు పిల్లకు పాలిస్తున్నారో, ఎవరు చిక్కిపోయారో. నీ జాకెట్టు పైన వెలిసిపోయి ఉంది. తిరగేస్తే లోపల రంగు కొత్తగా ఉంది. జాకెట్టు ఎవరైనా తిరగేసి ఆరేస్తారు, పైరంగు పోకుండా. నువ్వు మంచివైపే ఎండకు వేశావు, లోపలి వైపు ఎవరి కంటా పడకూడదని.

విప్పొద్దన్న గుడ్డ విప్పాను. తాతయ్య పాత పంచె గుడ్డ, మెత్తటిది, సరిగ్గా మోచేతులు వచ్చేచోట రెండు మడతలు వేసి కుట్టావు. దాని మీద కొబ్బరినూనె మరక, అక్కడక్కడా ఉతికినా పోని నెత్తురు చుక్కలు. మడతలో తెల్లటి పొలుసులున్నాయి. అరచేతిలోకి రాల్చుకుని చూశాను.

నువ్వు నన్ను ఎప్పుడూ తల దువ్వనివ్వలేదు. నా తల నువ్వు దువ్వలేదు. పక్కన పడుకుంటానంటే వేడి అనేదానివి.

నాకు చాలా కోపంగా ఉంది. సూటిగానే అడిగాను, నా చేతులు పోతాయని కూడా రాశాను. నెమలి కంఠం రంగు నూలు గురించి జవాబు రాశావు. ఈ లోకంలో నాకు అబద్ధం చెప్పని మనిషి ఒకరున్నారనుకున్నాను.

మైత్రి


వెంకటగిరి
డిసెంబరు 1

మైత్రీ,

నీ ఉత్తరం సొసైటీ వెనక నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని చదివాను. తిట్టావు, సరిపోయింది. ఇంకా తిట్టాల్సింది.

నాకు ఇరవైరెండో ఏట వచ్చింది. అప్పటికి పెళ్లయి ఏడాది. ముందు మోచేతుల మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, దాని మీద తెల్లటి పొలుసులు. తరవాత తలలో. ఒకరోజు వడ్డిస్తుంటే జాకెట్టు చెయ్యి పైకి జరిగి మా అత్తగారు చూసింది. ఆ పూట నుంచి నా కంచం వేరు, నా చెంబు వేరు. కుష్టు అని వాళ్లు నోటితో అనలేదు, నన్ను వంటింట్లోకి రానివ్వకుండా అన్నారు. ఆయన కూడా ఏమీ అనలేదు. మంచిగానో చెడ్డగానో ఒకమాట అంటాడేమోనని చాలా రోజులు చూశాను. చివరికి మీ నాన్న వచ్చి నన్ను తీసుకొచ్చాడు.

అప్పుడే మీ నాన్నకు మీ అమ్మ సంబంధం కుదిరి ఉంది. మీ తాత నన్ను పెరట్లోకి పిలిచి, "అత్తతో పడలేదని చెప్పు మే. కొట్లాడి వచ్చిందంటే నాలుగు రోజులు అనుకుంటారు. జబ్బుదంటే నాలుగు తరాలు అనుకుంటారు" అన్నాడు. చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. అత్తతో పడని గయ్యాళినని ఊరంతా అనుకుంది. ఆ పేరే నయమనిపించి నిజంగానే నోరు పెంచుకున్నాను.

వేళ్లు ఆ మరుసటి ఏడు ఉబ్బాయి, నీకు ఉబ్బినట్టే. డాక్టరు దగ్గరికి పోతే చెయ్యి చూపించమంటాడని పోలేదు. ఓర్చుకున్నాను. కొన్నాళ్లకు నొప్పి అణిగింది. వేళ్లు వంకరగా నిలిచిపోయాయి. మగ్గం దిగి కండెలకు కూర్చున్నాను. దానంతట అదే అణుగుతుందని నీకు రాశాను చూడు, అణగడమంటే ఇదీ.

ఇక అసలు మాట. నీ పెళ్లికి అడ్డం వస్తుందని దాచాననుకుంటావు. అదీ ఉంది. కాని నా భయం వేరు. అది అంటుకుంటుందనే ఇన్నాళ్లూ నమ్మాను. అందుకే నీ తల దువ్వలేదు, పక్కలోకి రానివ్వలేదు. ఏడేళ్లప్పుడు నీకు జ్వరం వస్తే, మీ అమ్మ పురిటికి పోయి ఉంటే, మూడు రోజులు నిన్ను ఒళ్లో నుంచి దించలేదు. గుర్తుందా? నువ్వు వేలు ఉబ్బిందని రాసిన రోజు నాకు ఆ మూడు రోజులే గుర్తొచ్చాయి. నేనే అంటించానని. ఆ పాపం ఒప్పుకునే ధైర్యం లేక లేదని రాశాను. నీ చేతుల కన్నా నాకు నా మొహమే ఎక్కువైంది. సిగ్గుగా ఉంది.

వచ్చే బుధవారం, పదో తారీఖు, పొద్దున బస్సుకు వస్తున్నా. టి. నగర్‌లో చీరలు చూడాలని ఇంట్లో చెప్పాను. నన్ను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో. కాగితం మీద రాసిస్తే నమ్ముతుందో లేదో, నా మోచేతులే చూపిస్తా. నాతో కొట్లాడాలనుంటే ఆ పని అయ్యాక కొట్లాడు.

అత్త


చింతాద్రిపేట
మార్చి 2

అత్తా,

నువ్వు వచ్చి వెళ్లి మూడు నెలలు కావస్తోంది. కొట్లాడటానికి తీరిక లేకుండానే పోయావు.

ఒకటి చెప్పాలని ఇన్నాళ్లూ అనుకుంటున్నా. ఆ రోజు డాక్టరమ్మ గదిలో చేతులు పైకి లాగి, నువ్వు తల తిప్పేసుకుని గోడ మీది క్యాలెండరు చూస్తున్నావు. కాబట్టి ఆమె మొహం చూసి ఉండవు. ఆమె మొహం చిట్లించలేదు. గ్లౌజు కూడా వేసుకోకుండా ఆ మచ్చల మీద వేలుపెట్టి నెమ్మదిగా రాసి చూసింది. నువ్వు ఉలిక్కిపడ్డావు. తన చెయ్యి చల్లగా తగిలిందనుకుందేమో ఆమె, చల్లగా ఉందా అని అడిగింది. పాతికేళ్లుగా అక్కడ ఇంకొక మనిషి చెయ్యి తగల్లేదని ఆమెకేం తెలుసు. నాకు తెలుసు కాబట్టే బయటికి పోయి ఏడ్చాను. మందుల చీటీకి పోయానని అబద్ధం చెప్పాను. మనింట్లో అందరికీ ఆ విద్య బాగా వచ్చు.

ఇది అంటుకోదని, రక్తంలో నడుస్తుందని ఆమె చెప్పినప్పుడు నువ్వు రెండుసార్లు అడిగించావు, గుర్తుందా? మూడోసారి నేను చెబుతున్నా. ఆ మూడు రోజులూ నువ్వు నన్ను ఒళ్లో పెట్టుకోవడం వల్ల నాకు జ్వరం తగ్గింది. ఇంకేమీ రాలేదు.

శనివారం శనివారం ఆ మాత్ర వేసుకుంటున్నా. ఆదివారమంతా కడుపులో తిప్పుతుంది, కాళియమ్మ కషాయమే నయమనిపిస్తుంది. మొదటి రెండు నెలలు ఏమీ తెలియలేదు. పోయిన గురువారం పొద్దున తల దువ్వుకుని జడ వేసుకుని, రిబ్బను కూడా కట్టుకున్నాక గుర్తొచ్చింది, చేతులు నొప్పి పెట్టలేదని. మళ్లీ జడ విప్పి, వేసుకుని చూశాను. ఇది పోయే జబ్బు కాదు, ఆపగలిగే జబ్బు అన్నది డాక్టరమ్మ. నాకు చాలు. తను రాసిచ్చిన మందు నువ్వు సరిగ్గా రాసుకుంటున్నావా లేదా అని అడగమంది.

మాస్టర్ మళ్లీ కత్తెర ఇచ్చారు, మధ్యాహ్నం నుంచి మాత్రమే. కటింగ్ బల్ల దగ్గర ఒక ఎత్తు స్టూలు వేశారు. "ఈడ ఎవురూ కూసుని కత్తిరించింది లేదు మా. నువ్వు కూసో, పరవాలేదు. గుడ్డకు తెలీదు గదా" అన్నారు.

నిన్న ఇంటికి ఫోను చేశాను. స్పీకరు పెట్టమని నేనే అడిగాను. నా జబ్బు పేరు, మందు పేరు అందరికీ వినిపించేలా చెప్పాను. ఇది చెప్పకుండా రఘురామ్ వాళ్లతోనే కాదు, ఎవరితోనూ మాట్లాడొద్దని నాన్నతో అన్నాను. నువ్వు ఆ గదిలోనే ఉన్నావని నాకు తెలుసు, కండెల రాట్నం చప్పుడు ఆగింది. నీ మాట నేను చెప్పలేదు. అది నీది.

ఇప్పుడు నీ జాకెట్టు కత్తిరించాలి. లోపల గుడ్డ వేయాలా, ఎంత మందంగా వేయాలి, చేతులు ఎంత పొడుగు పెట్టాలో రాయి. పాత కొలతే అంటే పాత కొలతే. నీ ఇష్టం.

మైత్రి


వెంకటగిరి
మార్చి 9

మైత్రీ,

లోపల గుడ్డ వద్దు. చేతులు మోచేతికి నాలుగు వేళ్లు పైకి.

అత్త


చింతాద్రిపేట
మార్చి 22

అత్తా,

జాకెట్టు పంపుతున్నా. మొత్తం నేనే కత్తిరించాను, నేనే కుట్టాను. మూడు సాయంత్రాలు పట్టింది. మామూలుగా గంట పని.

ఒకటి ముందే చెబుతున్నా. కుడి చెయ్యి పావంగుళం పొడుగొచ్చింది. మడత దగ్గర వేళ్లు మొరాయించాయి. విప్పి సరిచేద్దామంటే ఆ రోజుకు ఓపిక లేకపోయింది. తొడుక్కోబుద్ధి కాకపోతే తిరిగి పంపు, కోపం తెచ్చుకోను.

మైత్రి


వెంకటగిరి
ఏప్రిల్ 1

మైత్రీ,

శుక్రవారం పొద్దున తలస్నానం చేసి నీ జాకెట్టు తొడుక్కున్నాను. గదిలో చాలాసేపు నిలబడ్డాను. ఎంతసేపని నిలబడతాం, కాఫీ చల్లారిపోతుందని బయటికొచ్చాను.

మీ అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసింది. మోచేతులు చూసింది, మందు రాస్తున్నాక మచ్చలు కొంచెం పలచబడ్డాయి కానీ ఉన్నవి ఉన్నాయి. పాతికేళ్లు ఈమె దగ్గరే దాచాను కదా. ఆమె చేటలోంచి చెయ్యి తీయకుండా, "ఇప్పటికి గాలాడతా ఉందా వదినా?" అన్నది.

నీకు తెలుసా అన్నాను.

"కళ్లు లేనిదాన్నా? అందురూ తిరగేసి ఆరేస్తే నువ్వొక్కదానివే మంచివైపు ఎండకేస్తా ఉంటివి. ఎందుకో అని ఒకసారి తిరగేసి చూసినా. నా పెళ్లయిన ఏడే. నువ్వు చెప్పుకోనిది నేనెందుకు అడిగేదని ఊరకుండినా" అన్నది. తరవాత చేట కింద పెట్టి ఏడ్చింది. నీకు నొప్పి వచ్చిందని ఆమెకు ముందే చెప్పి ఉంటే, ఆమే ఆ రోజే డాక్టరమ్మకు చెప్పించి ఉండేదట. నిజమే మైత్రీ. నువ్వు నాన్నకు చెప్పొద్దంటివి, నేను ఎవరికీ చెప్పొద్దంటిని, మీ అమ్మ అడగకూడదనుకునె. ఒకే ఇంటి మనుషులం ముగ్గురం ఒకరినొకరు కాపాడుకుంటూ నీ వేళ్లు పోగొట్టబోయాం.

మీ నాన్న అప్పుడే బయటి నుంచి వచ్చాడు. నా చేతుల వైపు చూసి, నేలకేసి చూశాడు. మీ తాత నా చేత ఒట్టు వేయించుకున్న రోజు ఆయన కూడా ఆ పెరట్లోనే ఉన్నాడు. నా ఎడమచెయ్యి తీసుకుని ఆ వంకర వేళ్లు పట్టుకున్నాడు. "మనమ్మాయి చేతులు గూడా ఇట్టా అయితాయా అక్కా?" అన్నాడు.

"కావు" అన్నాను. "నాకు చెప్పేదానికి ఎవురూ లేకపోయిరి. దానికి నేనుండా."

రఘురామ్ వాళ్లకు మీ నాన్నే ఫోను చేసి అంతా చెప్పాడు. ఆలోచించుకుని చెబుతామన్నారు. ఆలోచించుకోనీ. మనకేం తొందర.

ఆ మధ్యాహ్నం సొసైటీకి అట్లాగే పోయాను. మాదయ్య కొత్త కళ్లజోడు సర్దుకుని, "చేతులకేంది సత్యభామా?" అన్నాడు. జబ్బు పేరు చెప్పాను. అంటుకోదని కూడా చెప్పాను. ఓహో అని నూలు తూచి ఇచ్చాడు. పాతికేళ్లు దాచినదానికి ఆయన అన్నది అంతే. వెనక ఇద్దరు ముగ్గురు గుసగుసలాడారు, విన్నాను. ఇంటికొచ్చాక కొంచెం ఏడ్చాను కూడా. మర్నాడు మళ్లీ అదే తొడుక్కుని పోయాను.

కుడి చెయ్యి పావంగుళం పొడుగుందన్నావు. పావు కాదు, అర. నేను విప్పను, తిరిగి పంపను. రెండోది కుట్టేటప్పుడు సరిచెయ్. దానికి నెమలి కంఠం రంగు గుడ్డ పంపుతున్నా, ఆదికి ఈ జాకెట్టే పెట్టుకో.

అత్త